నల్లజాతి నటుడు ఐరా ఆల్డ్రిడ్జి

ఇంగ్లండు దేశమున ఏవన్ నదీతీరమున స్ట్రాట్‌ఫర్డ్ అను చిన్న పట్టణము కలదు. అది షేక్స్పియరు మహాకవి జన్మస్థలము. ఆ కవి జ్ఞాపకార్థము అచ్చట నిర్మించిన నాటకశాలలో, అతని నాటకములను ప్రదర్శించి కీర్తి గడించిన 33 మంది నటుల పేర్లను కంచు ఫలకములపై చెక్కించిరి. వారిలో ఆఫ్రికా సంతతికి చెందిన అమెరికా దేశీయుడు ఒక్కడే. అతడే ఐరా ఆల్డ్రిడ్జి. ఏ కవి నాటకములకు అతడు తన జీవితమంతయు ధారపోసెనో, ఆ కవి దేశపు రాజధానిలోని పెద్ద నాటకశాల ఒకనాడు అతనికి రెండు రాత్రులు మాత్రమే చోటిచ్చి, పిమ్మట తలుపులు మూసివేసెను. అయినను అతడు నటనను విడువలేదు. నటననే నమ్ముకొని కుటుంబమును పోషించుకొనెను. ఊరూరు తిరిగి పేరు సంపాదించెను. తుదకు రాజుల సన్మానములను కూడ పొందెను.

ఐరా 1807వ సంవత్సరము జూలై 24వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి డేనియల్, తల్లి లురానా. వారు బానిసలు కారు, స్వతంత్రులే. డేనియల్ గడ్డి అమ్ముకొని జీవించుచు, తీరిక వేళల క్రైస్తవ మతబోధ చేయుచుండెను. ఆ కాలమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో లక్షలకొలది నల్లవారు బానిసలుగా మగ్గుచుండిరి. న్యూయార్కు రాష్ట్రమున సైతము బానిసత్వము పూర్తిగా అంతరించినది 1827లోనే. అట్టి రోజులలో కొందరు దయాశీలురు నల్లవారి బిడ్డల కొరకు నగరమున ఒక ఉచిత పాఠశాలను నడుపుచుండిరి. ఐరా ఆ బడిలో చదువుకొనెను. కుమారుడు తనవలె మతబోధకుడు కావలెనని తండ్రి ఆశించెను. కాని బాలుని మనస్సు వేరొక దారి పట్టెను.

న్యూయార్కులో పార్కు థియేటరు అను పెద్ద నాటకశాల యుండెను. నల్లవారు గ్యాలరీలో మాత్రమే కూర్చుండి నాటకము చూడవలసియుండెను. ఐరా ఆ గ్యాలరీ నుండియే షేక్స్పియరు నాటకములను తొలిసారి చూచెను. రాజులు, సేనాపతులు, దుష్టులు, దీనులు రంగస్థలముపై సజీవులై మాటలాడుచుండగా బాలుడు తన్ను తాను మరచిపోయెను. తానును అటులే నటింపవలెనను కోరిక అతని హృదయమున నాటుకొనెను.

1821లో విలియం బ్రౌన్ అను నల్లజాతీయుడు ఆ నగరముననే ఒక నాటకశాలను నెలకొల్పెను. దానిని ఆఫ్రికన్ గ్రోవ్ అని పిలిచెడివారు. అందు నటులందరును నల్లవారే. ఐరా అందులో చేరి చిన్న వయస్సుననే ముఖమునకు రంగు పూసుకొనెను. కాని నల్లవారు షేక్స్పియరు నాటకములాడుట కొందరు తెల్లవారికి కంటగింపయ్యెను. అల్లరిమూకలు వచ్చి ప్రదర్శనములను చెడగొట్టెను. నటులను పట్టి నిర్బంధించిన సందర్భములు కూడ కలవు. కొద్ది సంవత్సరములలోనే ఆ నాటకశాల మూతబడెను. నల్లజాతి యువకునకు అమెరికాలో నటుడుగా బ్రతుకుతెరువు లేదని ఐరా గ్రహించెను. 1824లో, పదునేడేండ్లు నిండు సమయమున, జేమ్స్ వాలక్ అను నటునకు ఓడలో సేవకుడుగా పనిచేయుచు అట్లాంటిక్ మహాసముద్రమును దాటి ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవున దిగెను. అతడు మరల స్వదేశమును చూడలేదు.

ఇంగ్లండులో బానిసలు లేకున్నను, నల్లజాతి నటునకు అచ్చట పూలబాట సిద్ధముగా లేదు. ఛార్లెస్ మాథ్యూస్ అను ప్రసిద్ధ హాస్యనటుడు అమెరికా నుండి తిరిగివచ్చి, నల్లవాడు షేక్స్పియరును ఎంత వికారముగా చదువునో అనుకరించి చూపుచు ప్రేక్షకులను కడుపుబ్బ నవ్వించుచుండెను. అందుచేత నల్లనటుడనగా నవ్వులాట యని జనులు అనుకొనుచుండిరి. అంతేగాక, ఆ రోజులలో లండనులో ఒక చట్టము అమలులో నుండెను. 1737లో చేయబడిన ఆ చట్టము ననుసరించి డ్రూరీ లేన్, కావెంట్ గార్డెన్ అను రెండు నాటకశాలలకే సంవత్సరము పొడుగున వచన నాటకములను, కావ్య నాటకములను ఆడు హక్కు కలదు. వేసవిలో హేమార్కెట్ నాటకశాలకు కూడ ఆ హక్కు ఉండెను. మిగిలిన చిన్న నాటకశాలలు పాటలను, నృత్యములను చేర్చి ప్రదర్శనములను జరుపుకొనవలసియుండెను. ఈ నిబంధన 1843 వరకు తొలగలేదు. కావున పేదనటులలో అధిక సంఖ్యాకులు చిన్న నాటకశాలలనే ఆశ్రయించి పొట్టపోసికొనుచుండిరి.

ఆల్డ్రిడ్జి కూడ అటులే ప్రారంభించెను. 1825 మే నెలలో లండను తూర్పు భాగముననున్న రాయల్టీ అను చిన్న నాటకశాలలో ఒథెల్లో వేషము ధరించెను. అదే సంవత్సరము అక్టోబరు 10వ తేదీన రాయల్ కోబర్గ్ నాటకశాలలో బానిసల తిరుగుబాటును గూర్చిన నాటకమున నాయకపాత్రను నిర్వహించెను. ఈ కోబర్గ్ నాటకశాలయే తరువాతి కాలమున ఓల్డ్ విక్ అను పేరుతో ప్రఖ్యాతి పొందినది. ప్రేక్షకులు అతనిని మెచ్చుకొనిరి. కాని టైమ్స్ పత్రిక మాత్రము, నల్లవాని పెదవుల నిర్మాణమును బట్టి ఆంగ్లభాష స్పష్టముగా పలుకుట అతనికి సాధ్యము కాదను అర్థము వచ్చునట్లు వ్రాసెను. నటనలోని గుణదోషములను చెప్పవలసిన విమర్శకుడు నటుని శరీరమును వెక్కిరించెను. ఆ యేడే ఆల్డ్రిడ్జి యార్క్‌షైరు ప్రాంతమునకు చెందిన మార్గరెట్ గిల్ అను ఆంగ్లవనితను వివాహమాడెను. ఇక కుటుంబభారము కూడ అతనిపై పడెను.

లండనులో నిలకడయైన పని దొరకలేదు. అందుచేత ఆల్డ్రిడ్జి పల్లెపట్టులలోని పట్టణముల దారి పట్టెను. ఎక్సెటర్, బ్రైటన్, మాంచెస్టర్, హల్, న్యూకాసిల్, ఎడింబరో, బెల్‌ఫాస్ట్ మున్నగు ఊళ్లలో అతడు ఏండ్ల తరబడి ప్రదర్శనములిచ్చెను. నాటి సంచారనటుని బ్రతుకు ఎట్లుండెడిదో తెలిసికొనదగినది. ప్రతి పట్టణమున ఒక చిన్న నాటకశాల, దానికి కొలదిమంది స్థిరనటులు ఉండెడివారు. పేరుగల నటుడు బయటనుండి వచ్చి, వారితో ఒకటి రెండు పర్యాయములు అభ్యాసము చేసి, ఆ రాత్రియే నాయకపాత్రను ధరింపవలెను. రాత్రికొక నాటకము మారవలెను. వచ్చిన రాబడిని నాటకశాల యజమాని, నటుడు పంచుకొందురు. వెడలిపోవుటకు ముందు ఒక రాత్రి నటుని పేర బెనిఫిట్ ప్రదర్శనము జరుగును. ఆ రాత్రి సభ నిండినచో కొన్ని వారములు గడచును. వాన కురిసి జనులు రాకున్నచో చేతికి చిల్లిగవ్వయు మిగులదు. రైళ్లు ఇంకను విస్తరింపని ఆ రోజులలో గుఱ్ఱపుబండ్లపై చలికి వణకుచు ఊరినుండి ఊరికి పోవలెను.

ఇట్టి జీవితమున ప్రేక్షకులను రప్పించుటకు ప్రకటనలు అవసరము. ఆల్డ్రిడ్జి గోడపత్రికలలో తన్ను ఆఫ్రికన్ రోషియస్ అని ప్రకటించుకొనెను. రోషియస్ అనునతడు పూర్వము రోము నగరమున ప్రసిద్ధికెక్కిన నటుడు. ఆల్డ్రిడ్జి ఆఫ్రికాలోని ఒక రాజవంశమున జన్మించెననియు ప్రచారము జరిగెను. ఆ కథ నిజము కాదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. గడ్డి అమ్ముకొనువాని కుమారుని చూచుటకు రాని జనులు రాకుమారుడనినచో వచ్చెడివారు. ఆకలితో పోరాడు నటుడు ఆ ప్రచారమును ఖండింపలేదు. ఇది అతని జీవితమున నొక లోపమని చెప్పవచ్చును. కాని దానికి కారణము అతని గర్వము కాదు, లోకపు తీరు.

ఆల్డ్రిడ్జి ధరించు పాత్రలలో ఒథెల్లో ప్రధానమైనది. వెనిస్ నగరపు నల్లసేనాపతి అనుమానమునకు లోబడి ప్రియభార్యను చేజేతుల చంపుకొని, నిజము తెలిసి కుమిలి మరణించు ఆ పాత్రను అతడు నటించుచుండగా ప్రేక్షకులు కన్నీరు కార్చెడివారు. అదే రాత్రి, విషాదనాటకము ముగిసిన పిదప, ప్యాడ్‌లాక్ అను హాస్యనాటకమున ముంగో అను నల్లసేవకుని వేషముతో మరల ప్రవేశించి వారినే నవ్వించెడివాడు. గిటారు వాయించుచు పాటలు పాడెడివాడు. మాథ్యూస్ వెక్కిరింపును మనసులో నుంచుకొని నవ్వుటకు వచ్చినవారికి నవ్వునే ఇచ్చి, దానికి ముందు విషాదమును కూడ చూపి, నల్లవాని హృదయమున అన్ని రసములకును చోటు కలదని రుజువు చేసెను. ఒక ఊరిలో ప్రదర్శనములు ముగించి సెలవు తీసికొనునపుడు అతడు వేషము తీసివేసి రంగస్థలము ముందునకు వచ్చి, తన జాతివారి బానిసత్వమును గూర్చి నాలుగు మాటలు చెప్పి, ప్రేక్షకుల సానుభూతిని అర్థించెడివాడు.

1828లో కోవెంట్రీ పట్టణమున అతని నటనకు ముగ్ధులైన వారు ఆ ఊరి నాటకశాల నిర్వహణమును అతనికే అప్పగించిరి. అప్పటికి అతనికి నిండా ఇరువదియొక్క యేండ్లు లేవు. బ్రిటనులో నాటకశాలను నడిపిన మొదటి నల్లజాతీయుడు అతడే. అతడు అచ్చట నున్నది కొలది మాసములే. అయినను, ఆ పట్టణ ప్రజలు పిమ్మట బానిసత్వమును రద్దుచేయుడని పార్లమెంటుకు వినతిపత్రము పంపుటకు అతని మాటలే ప్రేరణమని చరిత్రకారులు తలంచుచున్నారు.

1831లో ఆల్డ్రిడ్జి ఐర్లండు రాజధానియగు డబ్లిన్ నగరమున నటించెను. ఆ కాలపు ఆంగ్లనటులలో అగ్రగణ్యుడైన ఎడ్మండ్ కీన్ అచ్చట అతని ప్రదర్శనమును చూచెను. కీన్ కూడ పూర్వము ఊళ్లవెంట తిరిగి పస్తులున్నవాడే. అతడు ఈ యువనటుని ప్రతిభను గుర్తించి, బాత్ నగరపు నాటకశాలకు సిఫారసు చేసెను. ఒక నటుని విలువ మరియొక నటునకు తెలియును గదా!

రెండేండ్ల తరువాత విధి ఈ యిరువురి జీవితములను విచిత్రముగా ముడివేసెను. 1833 మార్చి 25వ తేదీన కావెంట్ గార్డెన్ నాటకశాలలో కీన్ ఒథెల్లో పాత్రను నటించుచు, నాటకము మధ్యలో రంగస్థలముపైననే తూలి, ఇయాగో వేషమున నున్న తన కుమారుని చేతులలో పడిపోయెను. మరల అతడు రంగస్థలమెక్కలేదు. మే నెల 15వ తేదీన మరణించెను. ఆ నాటకశాల నిర్వాహకుడగు లాపోర్ట్ ఒథెల్లో పాత్రకు ఆల్డ్రిడ్జిని పిలిపించెను. ఎనిమిదేండ్లు చిన్న నాటకశాలలలోను, దూరపు ఊళ్లలోను తిరిగిన నటునకు లండనులోని పెద్ద నాటకశాలలో ప్రవేశము లభించెను. నల్లజాతి నటుడు అచ్చట నాయకపాత్ర ధరించుట అదియే ప్రథమము.

వార్త పొక్కగానే ఫిగారో ఇన్ లండన్ అను వ్యంగ్యపత్రిక అతనిపై విషము గ్రక్క నారంభించెను. ప్రదర్శనమునకు ముందే అతనిని తరిమివేయవలెనని వ్రాసెను. ఏప్రిల్ 10వ తేదీ రాత్రి ఆల్డ్రిడ్జి ఒథెల్లోగాను, సుప్రసిద్ధ నటి ఎలెన్ ట్రీ డెస్డిమోనాగాను నటించిరి. సభలోనివారు కరతాళధ్వనులతో అతనిని ఆదరించిరి. కాని మరునాటినుండి పత్రికలలో పలువురు విమర్శకులు కత్తులు నూరిరి. ఎథీనియం అను పత్రిక, నల్లనటుడు తెల్లనటి చేయి పట్టుకొనుటయే తగదని ఆక్షేపించెను. తెల్లనటుడు ముఖమునకు మసి పూసికొని ఆ పాత్రనే నటించినపుడు ఎవరికిని అందు తప్పు తోపలేదు. ఏప్రిల్ 12వ తేదీన రెండవ ప్రదర్శనము జరిగెను. ఆ రోజులలో లండను అంతటను ఇన్‌ఫ్లుయెంజా జ్వరము వ్యాపించియుండుటచే నాటకశాలలకు జనులు అంతగా రాకుండిరి. రెండవ రాత్రితో ఆల్డ్రిడ్జి ప్రదర్శనములు నిలిచిపోయెను.

ఈ ద్వేషమునకు కేవలము నాటకమే కారణము కాదు. ఆ సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు తన వలసరాజ్యములలోని బానిసత్వమును రద్దుచేయు చట్టమును గూర్చి చర్చించుచుండెను. వెస్టిండీసులోని చెరకుతోటల యజమానులకు లండనులో పలుకుబడి మెండు. నల్లవాడు బుద్ధిలోను, హృదయములోను తెల్లవానికి తీసిపోడని ఒక నటుడు ప్రతిరాత్రి వేయిమంది కన్నుల యెదుట నిరూపించుచుండినచో, బానిసత్వమును సమర్థించువారి వాదము ఎట్లు నిలుచును? ఆ చట్టము 1833 ఆగస్టు నెలలో ఆమోదింపబడెను. యజమానులకు రెండుకోట్ల పౌనులు నష్టపరిహారముగా ఇయ్యబడెను. బానిసలకు మాత్రము ఒక్క పౌనైనను ఇయ్యబడలేదు.

ఇరువదియైదేండ్ల వయస్సున తన జీవితాశయము చేతికంది జారిపోయినపుడు వేరొకడైనచో వృత్తిని మానుకొనియుండును. ఆల్డ్రిడ్జి ఆ నెలలోనే లండనులోని సరీ అను చిన్న నాటకశాలలో మరల వేషము కట్టెను. పిమ్మట తన పెట్టెలు సర్దుకొని తిరిగి ఊళ్లవెంట పోయెను. దాదాపు ఇరువది యేండ్లు ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశములలో అతడు అడుగిడని పెద్ద ఊరు లేదు. నల్లవారి పాత్రలు నాటకములలో కొద్దిగానే యుండుటచే, అవియే ఎన్నిసార్లు నటించినను జనులకు విసుగు పుట్టును. అందుచేత అతడు ముఖమునకు తెల్లరంగు పూసికొని షైలాకు, మాక్‌బెత్, మూడవ రిచర్డు పాత్రలను అభ్యసించి ధరించెను. తెల్లనటులు నల్లరంగు పూసికొనుటకు లోకము అలవాటుపడియుండగా, అతడు ఆ ఆచారమునే తలక్రిందులు చేసి చూపెను. షేక్స్పియరు వ్రాసిన టైటస్ ఆండ్రోనికస్ నాటకమున ఆరన్ అను నల్లవాడు పరమదుష్టుడు. ఆల్డ్రిడ్జి కొరకు ఆ నాటకమును మార్చి, ఆరన్‌ను ఉదాత్తనాయకునిగా తీర్చిదిద్దిరి.

1852లో అతడు ఒక చిన్న బృందముతో ఐరోపా ఖండమునకు బయలుదేరెను. బెల్జియము, జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ దేశములలో అతడు నటించెను. కొంతకాలమునకు ఆంగ్లబృందము చెదరిపోయెను. అంతట అతడు స్థానికనటులతో కలిసి నటింపజొచ్చెను. అతడు ఆంగ్లమున మాటలాడును. తక్కినవారు జర్మనుభాషలో ప్రత్యుత్తరమిత్తురు. మాటలు తెలియని ప్రేక్షకులు అతని కంఠస్వరమును, ముఖభావములను బట్టియే కథను గ్రహించి కంటతడి పెట్టెడివారు. పెదవుల కారణముగా ఆంగ్లము పలుకజాలడని లండను పత్రిక ఈసడించిన నటుడు, ఆంగ్లము రానివారినే తన ఆంగ్లముతో కరిగించెను. ప్రష్యా రాజు అతనికి కళలకు, శాస్త్రములకు ఇచ్చు సువర్ణపతకమును బహూకరించెను. ఇతర సంస్థానాధీశులును బిరుదములతో గౌరవించిరి.

1858లో అతడు రష్యా రాజధానియగు సెయింట్ పీటర్స్‌బర్గునకు ఆహ్వానింపబడెను. ఆ నగరమున యుక్రెయిన్ మహాకవి తరాస్ షెవ్‌చెంకో అతనికి ప్రాణమిత్రుడయ్యెను. షెవ్‌చెంకో భూస్వామికి దాసుడుగా పుట్టి, 1838లో విముక్తి పొందినవాడు. తన కవిత్వము కారణముగా పదియేండ్లు ప్రవాసశిక్ష అనుభవించినవాడు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. చిన్నబాలిక యొకతె వారికి దుబాసిగా నుండెను. ఒకరు తమ జాతి పాటలను పాడగా ఇంకొకరు వినెడివారు. దాస్యపు బాధ ఇరువురకును తెలిసినదే గావున వారి స్నేహమునకు భాష అడ్డుకాలేదు. షెవ్‌చెంకో తన చేతితో ఆల్డ్రిడ్జి చిత్తరువును గీసెను. పిమ్మట ఆల్డ్రిడ్జి రష్యాలోని దూరపు పట్టణములన్నియు తిరిగి ప్రదర్శనములిచ్చెను.

అంత కీర్తి వచ్చిన పిదపగాని లండను అతనిని తలపలేదు. 1865 ఆగస్టులో హేమార్కెట్ నాటకశాలలో అతడు మరల ఒథెల్లో వేషమున కనిపించెను. కావెంట్ గార్డెన్ అవమానమునకు అప్పటికి ముప్పదిరెండు సంవత్సరములు గడచినవి. ఈ పర్యాయము విమర్శకులు మర్యాదతో మాటలాడిరి. అంతకు రెండేండ్ల ముందే, 1863లో, అతడు బ్రిటిషు పౌరుడయ్యెను. లండను శివారున అప్పర్ నార్‌వుడ్‌లో ఇల్లు ఏర్పరచుకొనెను. 1864లో మార్గరెట్ మరణింపగా, మరుసటి యేడు అమాండా అను ఆమెను వివాహమాడెను.

1865లో అమెరికా అంతర్యుద్ధము ముగిసి బానిసలకు విముక్తి కలిగెను. పుట్టిన గడ్డకు పోయి ప్రదర్శనములీయవలెనని ఆల్డ్రిడ్జి ఆలోచించెను. కాని ఆ కోరిక తీరలేదు. 1867లో పోలండులోని లోడ్జ్ నగరమునకు ప్రదర్శనముల కొరకు వెళ్లి, అచ్చట జబ్బుపడి, ఆగస్టు 7వ తేదీన కన్నుమూసెను. అప్పటికి అతనికి అరువదియేండ్లు. ఆ నగరపు శ్మశానవాటికలో అతని సమాధి నేటికిని కలదు.

తండ్రి మరణించునాటికి అతని కుమార్తె అమాండా ఏడాది దాటిన పసిపాప. ఆమె పెరిగి పెద్దదై లండనులో గాయనిగాను, సంగీతరచయిత్రిగాను పేరొందెను. పలువురకు ఉచ్చారణము, గానము నేర్పెను. 1930లో పాల్ రోబ్సన్ అను నల్లజాతి గాయకుడు, నటుడు లండనులోని సావోయ్ నాటకశాలలో ఒథెల్లోగా నటించుటకు వచ్చెను. అమాండా అతనికి ఆంగ్ల ఉచ్చారణమున శిక్షణ ఇచ్చెను. తన తండ్రి ఒథెల్లో వేషమున చెవులకు ధరించిన బంగారు పోగులను తెచ్చి అతనికి కానుకగా ఇచ్చెను. రెండు రాత్రులతో కావెంట్ గార్డెన్ ముగించితిననుకొనిన నాటకము తొంబదియేడేండ్ల పిదప అదే నగరమున, అదే పాత్రతో, వేరొక నల్లజాతి నటుని గొంతున మరల సాగెను.